అమ్మ గోడకు బీగం చెవులు

2025 డిసెంబరు 24, బుధవారం

"వస్తే ఇప్పుడే రా. సంక్రాంతికి వస్తే నన్నూ మీ అవ్వనూ చూసి పోవాల్సిందే, ఊళ్లో ఇంగెవరూ ఉండరు" అని అమ్మ నెల ముందే ఫోన్లో చెప్పింది. మావాడికి క్రిస్మస్ సెలవులు. నాకు ఏడాది చివరికి మిగిలిపోయిన సెలవులు. ఆయనకు కుదరలేదు. సరే అని ఇద్దరమే బయల్దేరాం.

రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగడం నాకు అలవాటు. ఈసారి అమ్మ ఒప్పుకోలేదు. అక్టోబరు 24న తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ప్రైవేటు బస్సు కాలిపోయి అంతమంది పోయినప్పటి నుంచి మా వైపు ఇళ్లలో రాత్రి బస్సు మాట ఎత్తనివ్వడం లేదు. అందుకని పొద్దున ఆరింటికి హైదరాబాదులో ఎక్కి, పగటి వెలుతురులో వచ్చాం. తుంగభద్ర వంతెన మీద మావాడిని లేపి నది చూపించాను. రాళ్లు, రాళ్ల మధ్య అక్కడక్కడా మడుగులు. "ఇదేనా నది?" అన్నాడు. 2009 అక్టోబరులో ఇదే నది కర్నూలు ఊళ్లోకి వచ్చి జనాన్ని మిద్దెలెక్కించిందని చెప్తే నావైపు జాలిగా చూశాడు.

కర్నూలులో ఆదోని బస్సు ఎక్కాక అసలు అవమానం జరిగింది. ఆగస్టు 15 నుంచి ఇక్కడ కూడా ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది కదా అని ధీమాగా ఆధార్ చూపించాను. కండక్టరు కార్డు తిప్పి చూసి, "మీది తెలంగాణ అడ్రసు గదమ్మా, టికెట్ తీసుకోండి" అన్నాడు. పుట్టింది ఆదోనిలో, చదివింది ఆదోనిలో, ఆ బస్సు పోయే రోడ్డులో ఏ మలుపు దగ్గర పట్టుకోవాలో కూడా నాకు తెలుసు. అయినా నాకో ఫుల్ టికెట్, మావాడికో హాఫ్ టికెట్. హైదరాబాదులో నాకు ఫ్రీ, ఇక్కడ మా అమ్మకు ఫ్రీ. ఒకరింటికి ఒకరం రావాలంటే మాత్రం డబ్బులు కట్టాలి.

కోడుమూరు, గోనెగండ్ల, ఎమ్మిగనూరు. కిటికీలోంచి చూస్తే నల్లరేగడిలో పప్పుశనగ పచ్చగా ఉంది, ఎర్రనేలల్లో పత్తి చివరి దశలో చెట్టుకో రెండు కాయలు పట్టుకుని నిలబడి ఉంది, కంది పూత మీద ఉంది. ఆదోనిలో దిగి ఆటో పట్టుకుని ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. వెనకవీధి ఇళ్ల మీద కాగితం నక్షత్రాలు వెలుగుతున్నాయి.

గడపలోనే తమ్ముడు ఎదురొచ్చాడు. నల్ల పంచె, నల్ల కండువా, నుదుట విభూతి. డిసెంబరు మొదట్లో అయ్యప్ప మాల వేసుకున్నాడు. "రా స్వామీ" అన్నాడు నన్ను. ముప్పయ్యేళ్లుగా నన్ను "ఏయ్" అని తప్ప పిలవనివాడు. మావాడిని "రండి స్వామీ, బాగుండారా స్వామీ" అంటే వాడు సిగ్గుపడి నా వెనక్కి దాక్కున్నాడు.

అవ్వ మంచం మీద కూర్చుని నల్లద్దాలు పెట్టుకుని ఉంది. కంటికి ఆపరేషన్ అయి పద్దెనిమిది రోజులట. నాకు చెప్పలేదు.

"చెప్తే నువ్వు టెన్షన్ పడి బస్సెక్కుతావని చెప్పలేదు" అంది అమ్మ. "రాత్రి బస్సు" అని కూడా కలిపింది.

కాళ్లు కడుక్కుని వంటింట్లోకి పోతే, గ్యాస్ స్టవ్ పక్క గోడకు మేకులు వరసగా కొట్టి ఉన్నాయి. మేకుకొక బీగం చెవి. మా వైపు తాళాన్ని బీగం అంటాం. ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డపీలిక కట్టి ఉంది. లెక్కపెడితే ఆరు. ఎరుపు పీలిక బావి దగ్గరి వాళ్లది, పచ్చది టైలరింగ్ చేసే వాళ్లది, నీలం చెవి మా ఎదురింటిది. ఆరిళ్ల వాళ్లూ నవంబరులోనే పత్తి తీయడానికి గద్వాల దిక్కు పోయారు. పోయేటప్పుడు చెవులు అమ్మకిచ్చి పోయారు. రోజూ సాయంత్రం అమ్మ ఆ ఆరు గడపల ముందూ కసువు ఊడ్చి, తులసి ఉన్నచోట చెంబెడు నీళ్లు పోసి, లైటు వేసి వస్తుంది. "లైటు లేకుంటే ఇల్లు చచ్చిపోయినట్టుంటాది" అంటుంది.

డిసెంబరు 25, గురువారం

కొత్తవాళ్లకు సుగ్గి సంగతి చెప్పాలి. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, పంట చేతికొచ్చే సంబరం. మా ఆదోని, కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం దిక్కు ఊళ్లలో ఆ మాట ఇంకో అర్థంలోకి మళ్లింది. వాననీటి మీద పండిన మన పంట అయిపోతుంది, రెండో పంటకు నీళ్లుండవు, ఊళ్లో పని ఉండదు. అప్పుడు నీళ్లున్న ఊళ్లలో ఇంకొకరి పంట కోయడానికి ఇల్లిల్లంతా పోవడమే సుగ్గి. ముందు పత్తికి, తర్వాత మిరపకాయలకు. గుంటూరు దిక్కు మిరప కోతలు మార్చి దాకా నడుస్తాయి. ఉగాదికి తిరిగొస్తారు. కొందరు ఇంకా ఆలస్యంగా వస్తారు.

నేను ఏడాదికోసారి చలికాలంలో ఊరికి వస్తాను. ఊరు అదే చలికాలంలో బయటికి పోతుంది. ఇన్నేళ్లలో ఈ సంగతి నాకు ఎందుకు తట్టలేదో తెలీదు. ప్రతిసారీ "ఫలానా వాళ్లు లేరు, ఫలానా వాళ్లు ఇప్పుడే పోయినారు" అని విని, అలాగా అనుకుని పోయేదాన్ని.

ఈరోజు మాత్రం వీధి నిండుగా ఉంది, ఎందుకంటే వెనకవీధి వాళ్లు క్రిస్మస్ అయ్యాకే బండెక్కుతారు. పొద్దున్నే చర్చి మైకులో పాటలు. పది గంటలకు వెనకింటి అక్క వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. చిన్న చర్చి, సిమెంటు రేకుల కప్పు, లోపల రంగు కాగితాల తోరణాలు. చెప్పులు బయట విడిచి, చాప మీద ఆడవాళ్ల వైపు కూర్చున్నాను. ప్రార్థన చివర్లో ఫాదరు గారు సుగ్గికి పోయేవాళ్లు లేచి నిలబడండి అన్నారు. ముప్పాతిక మంది లేచారు. నాతోపాటు కూర్చుని మిగిలినవాళ్లు ముసలివాళ్లు, బాలింతరాలు, వీళ్లతో ఉండే ఆడపిల్లలు. బండ్లు క్షేమంగా చేరాలని, కూలీలను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రీలు కూలి లెక్క నిజాయితీగా కట్టాలని ఆయన ప్రార్థన చేశారు. రెండో మాటకు ఆమెన్ గట్టిగా వచ్చింది.

అక్క ఇంట్లో కేకు, కారం బూందీ, చికెన్ పలావు. తమ్ముడి సంగతి తెలిసి వాడి కోసం వేరే గిన్నెలో అరటిపండ్లు, బెల్లం మాత్రమే పెట్టి పంపింది. "స్వామికి మా ఇంటి వంట పనికిరాదు గదా, పండు పనికొస్తాది" అంది. తమ్ముడు ఆ పండ్లు కళ్లకద్దుకుని తీసుకున్నాడు.

సాయంత్రం చిన్నాయన ఇంటికి పోయాను. మా ఇంటికి నాలుగిళ్ల అవతల. ఇల్లంతా మూటలు. చిన్నమ్మ నన్ను చూసి, "వచ్చినావా, సామాను సర్దను మనిషి కావాలనుకుంటాండా" అని ఒక గోనెసంచి నా చేతిలో పెట్టింది. మా చిన్నమ్మకు పలకరింపులు రావు, పనులు చెప్పడం వచ్చు.

ఆ సంచుల్లో ఏముంటాయో రాయాలి. బియ్యం రెండు బస్తాలు, జొన్నపిండి ఒకటి, కారంపొడి డబ్బా (మిరపకాయలు కోయడానికి పోతూ కారం మోసుకుపోవడం ఏమిటని నేనడిగితే, "వాళ్ల కారం మనకు రుచించదు" అంది), చింతపండు, ఉప్పు, శెనక్కాయల పొడి. చిన్న గ్యాస్ స్టవ్. నాలుగు బిందెలు ఒకదాంట్లో ఒకటి. గుడిసె కట్టుకోను టార్పాలిన్ పట్ట, వెదురు గడలు. కొబ్బరినూనె పెద్ద సీసా. మిరప కోతలో మొదటి వారం చేతులు మండిపోతాయి, అప్పుడు నూనె రాసుకుని పడుకోవాలి. "తుమ్ములకు మాత్రం మందు లేదు" అంది. ఫోన్ చార్జర్లు రెండు, రేషన్ కార్డు జిరాక్సు, పిల్లకు దగ్గు మందు.

పిల్ల అంటే చిన్నాయన కొడుకు కూతురు, మూడేళ్లది. దాన్ని తీసుకుపోతున్నారు. దాని అక్క ఏడో తరగతి, అది ఊళ్లోనే ఉండి బడికి పోతుంది, రాత్రికి మా అవ్వ దగ్గర పడుకుంటుంది. వలస పోయేవాళ్ల పిల్లల కోసం సర్కారు ఈ మండలాల్లో సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది గానీ, ఆ పిల్ల హాస్టలుకు పోనని మొండికేసింది. "అవ్వకు కంట్లో చుక్కలు ఎవరు ఏస్తారు అత్తా?" అంది నాతో. రోజుకు నాలుగుసార్లు టైం చూసి వేస్తుందట. ఆపరేషన్ సంగతి నాకు తెలిసేలోపే ఈ పిల్ల దాన్ని తన పనిగా చేసుకుంది.

డిసెంబరు 26, శుక్రవారం

తెల్లారి నాయన చేనికి పోతూ మావాడిని లేపాడు. మేమిద్దరం వెంట పోయాం. చలి బాగా ఉంది. పక్క చేనిలో పప్పుశనగ మీద మంచు. మావాడు చేయి పెట్టి నాకి, పులుపు అని ఎగిరాడు. శనగాకు మీది మంచు పుల్లగానే ఉంటుంది. మధ్యాహ్నం అవ్వకు ఈ సంగతి చెప్తే, తన చిన్నప్పుడు రాత్రి శనగచేను మీద తెల్లగుడ్డ పరిచి పొద్దున పిండేవాళ్లమని, ఆ పులుసు సీసాలో పోసి కడుపునొప్పికి తాగించేవాళ్లమని చెప్పింది. నాయన ఎవరినీ అడక్కుండా పక్క చేనిలో కొసలు గిల్లి నా కొంగులో వేశాడు. "కొస గిల్లితే చెట్టు గుబురుగా కాస్తాది, వాళ్లకు మేలు చేసినట్టే" అన్నాడు. దొంగతనానికి ఇంత మంచి సమర్థన నేను వినలేదు. ఇంటికొచ్చి అమ్మ శనగాకు పప్పు చేసింది, జొన్నరొట్టెలోకి. హైదరాబాదులో ఎంత వెతికినా దొరకని తిండి ఇదొక్కటే.

మన చేనిలో పత్తి మూడో తీత అయిపోయింది. అక్టోబరు చివరి వానలకు మొదటి తీత నల్లబడిందట. కంది మాత్రం బాగుంది. ముదిరిన కాయలు కొన్ని కోసుకొచ్చి ఉప్పేసి ఉడకబెట్టుకున్నాం. మావాడు తొక్కతో సహా నమిలి, తర్వాత నేర్చుకున్నాడు.

మధ్యాహ్నం చిన్నమ్మ గంపతో వచ్చింది. గంపలో కోడి. పొదుగు మీద ఉన్న కోడిని గుంటూరు దాకా ఎట్లా తీసుకుపోను అని మా ఇంటి మూల గాదె పక్కన ఇసుక పోసి, పదకొండు గుడ్లు పెట్టి, దాన్ని కూర్చోబెట్టింది. గుడ్లు బేసి లెక్కనే పెట్టాలట. "నువ్వు చూసుకోవాల" అని మావాడికి చెప్పింది. "పొద్దున ఒకసారి లేచి తిని నీళ్లు తాగి మల్ల కూర్చుంటాది. అప్పుడు గుడ్లు లెక్కపెట్టు. పిల్లి వస్తే తరుము." వాడు బొడ్డుకు నోటుపుస్తకం దోపుకుని డ్యూటీ ఎక్కాడు.

బండి రాత్రి తొమ్మిదికి అన్నారు, పదకొండుకు వచ్చింది. మినీలారీ. మా వీధిలోవి నాలుగు కుటుంబాలు, వెనకవీధివి ఐదు. సామాను కింద, మనుషులు పైన. వెదురు గడలు పక్కలకు కట్టి పైన టార్పాలిన్ కప్పారు, చలికి. బండికి ఎంతమంది ఎక్కొచ్చో, ఎంతమంది ఎక్కారో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టి ఏం చేస్తాను? మేస్త్రీ మాత్రం పేర్లు రాసుకున్న కాగితం పట్టుకుని టార్చిలైటు వేసి రెండుసార్లు లెక్కపెట్టాడు, అతనికి తలకింత అడ్వాన్సు ఇచ్చిన లెక్క ఉంటుంది.

చిన్నాయన బీడీ ఆర్పి నా దగ్గరికి వచ్చాడు. "ధర పడిపోయిందని మిరప పోయినసారి ఏసినంత ఎయ్యలేదంట ఈసారి. పని ఎన్నాళ్లు దొరుకుతాదో చూడాల" అన్నాడు. ఆయనకు రెండెకరాలు, బోరు ఎండిపోయి ఐదేళ్లు. "ఇంకో బోరు వెయ్యరాదా" అని నేను అంటే, "ఏసినా. రెండు. నీకు చెప్పలేదా?" అన్నాడు. నాకు ఎవరూ చెప్పలేదు. ఫోన్లో నేను అడిగేది "అంతా బాగుండారా" అని, వాళ్లు చెప్పేది "బాగుండాము" అని. అందులో బోర్లు ఎక్కడ పడతాయి?

చిన్నమ్మ చివరగా ఎక్కింది. ఎక్కేముందు మూడేళ్ల పిల్లను పైకి అందించి, తిరిగొచ్చి బీగం లాగి చూసుకుని, చెవి అమ్మ చేతిలో పెట్టింది. ఏడో తరగతి పిల్ల ఏడవలేదు. మా అవ్వ కొంగు పట్టుకుని నిలబడింది. వెనకింటి అక్క బండిలోంచి నాకు చెయ్యి ఊపి, "కేకు డబ్బా మీ అమ్మకిచ్చినా, ఖాళీ చేసి పెట్టు" అని అరిచింది. బండి నంద్యాల, గిద్దలూరు, వినుకొండ మీదుగా పోతుందట. మలుపు తిరిగాక కూడా ఎవరో పెట్టిన చర్చి పాట సెల్లులోంచి కాసేపు వినిపించింది.

ఇంట్లోకొచ్చి అమ్మ మేకులకు ఐదు చెవులు తగిలించింది. పదకొండు. గుడ్లూ పదకొండే అని మావాడు కనిపెట్టాడు.

డిసెంబరు 27, శనివారం

పొద్దున వీధిలో చప్పుడే లేదు. కుక్కలు మాత్రం బీగం వేసిన గడపల దగ్గరే పడుకుని ఉన్నాయి.

నాయనతో ఆదోని పోయాను. ముందు హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులు నానబెట్టి తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన వేడి బజ్జీ పెడతాడు. ఇక్కడ చెప్పుకోవాల్సిన సంగతి ఒకటే: రెండో ప్లేటు నేనే అడిగాను.

పత్తికి ఆదోని పేరున్న మార్కెట్. ఈ ఏడు పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అయితే కొనుగోలు కేంద్రంలో అమ్మాలంటే ముందు ఫోన్లో స్లాట్ బుక్ చేసుకోవాలి, పంట నమోదై ఉండాలి, తేమ 12 శాతం దాటకూడదు. చదువుకున్న కూతుర్ని కదా అని నాయన తన ఫోన్ నాకిచ్చాడు. యార్డులో వేపచెట్టు కింద కూర్చుని గంటన్నర కుస్తీ పట్టాను. ఓటీపీ వస్తుంది, పేరు కలవదు. పాసుపుస్తకంలో నాయన పేరు చివర ఒక అక్షరం తక్కువ, ఆధార్‌లో ఒక అక్షరం ఎక్కువ. చివరికి తీసుకుంది, కానీ స్లాటు పది రోజుల తర్వాత వచ్చింది. నాయనకు కూలీల డబ్బులు ఇవ్వాల్సింది ఉంది. ఆరు క్వింటాళ్లలో నాలుగు యార్డులోనే వ్యాపారికి 7,050కి ఇచ్చేశాడు, రెండు ఆపుకున్నాడు. "నువ్వు కష్టపడినావు గదా, ఆ రెండన్నా ఆ రేటుకు పోనీ" అన్నాడు. నా కష్టానికి విలువ కట్టినవాళ్లలో మా నాయన లెక్క అంత కచ్చితంగా ఇంకెవరికీ లేదు: క్వింటాలుకు 1,060 చొప్పున రెండు క్వింటాళ్లు.

డిసెంబరు 28, ఆదివారం

ఎమ్మిగనూరులో మేనత్త ఇంటికి. అమ్మ, ఏడో తరగతి పిల్ల, నేను, మావాడు. కండక్టరు అమ్మకూ పిల్లకూ జీరో టికెట్లు కొట్టాడు. ఈ బస్సులొచ్చినప్పటి నుంచి అమ్మ చుట్టరికాలు పెరిగాయి. ఆగస్టు నుంచి అత్త దగ్గరికి ఐదుసార్లు పోయిందట, అంతకుముందు ఐదేళ్లలో కూడా అన్నిసార్లు పోలేదు. వదినా మరదళ్లకు ఇరవయ్యేళ్ల కిందటి పట్టుచీర తగువు ఒకటి ఉండేది, అది కూడా ఈ బస్సుల్లోనే తీరిపోయింది. నా టికెట్టు చూసి అమ్మ, "ఆ ఆధార్ మార్పించుకోరాదా" అంది. ఆయన ఉద్యోగం, ఇంటి అద్దె అగ్రిమెంటు, పిల్లాడి బడి అన్నీ ఆ అడ్రసుకే ముడిపడి ఉన్నాయని చెప్పాను. "బస్సు చార్జీ దండగ గదా" అంది.

మామ నేతగాడు. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన నేతగాళ్ల సంఘం ఈ ఊరికి పేరు తెచ్చింది. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు అంటే ఒకప్పుడు పెళ్లిళ్లలో చదివింపులకు కొనేవాళ్లు. మామ వాళ్లింట్లో మగ్గం గుంత ఇంకా ఉంది. అందులో ఇప్పుడు బియ్యం డ్రమ్ము పెట్టారు, చల్లగా ఉంటుందని. మావాడు గుంతలోకి దిగి కాళ్లు ఆడించి చూశాడు. మామ వాడికి మగ్గంలో దారం అటూ ఇటూ నడిపే నాడె చూపించి, చేతిలో ఎట్లా విసరాలో నేర్పాడు. దారం లేకుండా, మగ్గం లేకుండా, గాలిలోనే.

ఇక్కడా మాట సుగ్గి మీదికే వచ్చింది. ఎమ్మిగనూరు దిక్కు తుంగభద్ర దిగువ కాలువ పారుతుంది, ఆ కాలువ కింది వాళ్లు మామూలుగా ఎక్కడికీ పోరు. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాములో 19వ గేటు కొట్టుకుపోయింది కదా, ఇప్పుడు గేట్లన్నీ మారుస్తున్నారని రెండో పంటకు నీళ్లు లేవన్నారని మామ చెప్పాడు. "కాలువ కింద మడి ఉన్నోళ్లు కూడా మేస్త్రీ నంబరు అడుగుతాండారు ఈసారి. కొత్తోళ్లు. వాళ్లకు గుడిసె కట్టడం కూడా రాదు" అన్నాడు. గేట్లు మార్చక తప్పదు, అది ఆయనా ఒప్పుకున్నాడు. మా చిన్నమ్మకు ఈ కొత్తవాళ్ల సంగతి చెప్తే ఏమంటుందో నాకు తెలుసు: "కొబ్బరినూనె మర్చిపోవద్దని చెప్పు."

జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతర ఉంది, అప్పటిదాకా ఉండి పొమ్మని అత్త పట్టుబట్టింది. ఉండలేనని చెప్పి, దానికి బదులుగా ఆమె ఇచ్చిన దుప్పటి, రెండు తువ్వాళ్లు, కిలో నువ్వులు తెచ్చుకున్నాను. భోగినాడు నువ్వులద్దిన సజ్జరొట్టె చేసుకోమంది. రొట్టె తట్టడం నాకు రాదని ఆమెకు తెలుసు. అయినా ఇచ్చింది.

డిసెంబరు 29, సోమవారం

తమ్ముడు స్వాములకు భిక్ష పెట్టిన రోజు. పొద్దున మూడింటికే చన్నీళ్ల స్నానం చేసి శరణుఘోష. చలికి నేను దుప్పటి ముసుగులోంచే దండం పెట్టాను. పదిహేను మంది స్వాములు వచ్చారు. వాళ్లలో ఎనిమిది మంది ఇళ్లకు బీగాలున్నాయి. భార్యాపిల్లలను, తల్లిదండ్రులను బండెక్కించి, వీళ్లు మాత్రం గుడి దగ్గర చావడిలో ఉంటున్నారు. మకరజ్యోతి చూసి, శబరిమల నుంచి దిగొచ్చి, మాల తీసి, అట్నుంచి అటే గుంటూరు బస్సెక్కుతారు. పోయినేడు వీళ్లలో ఒకతను మిరపచేనిలో ఉండి మాల వేసుకున్నాడట. కారం ఘాటుకు కళ్లు ఎర్రబడితే దీక్షలో కఠినంగా ఉన్నాడని అందరూ కాళ్లకు మొక్కారని అతనే చెప్పి నవ్వించాడు.

అమ్మకు వంటలో నేను, ఏడో తరగతి పిల్ల సాయం. ఉల్లి, వెల్లుల్లి లేకుండా సాంబారు, గుమ్మడికాయ కూర, ఓళిగలు (బొబ్బట్లు). పిండి నేను కలిపాను, ఓళిగలు ఆ పిల్ల చేసింది. నాకంటే గుండ్రంగా వచ్చాయి. వాళ్లమ్మ ఫోన్ చేసినప్పుడు స్పీకర్ పెట్టి మాట్లాడింది. చేరారు, గుడిసె కట్టారు, చెల్లికి జలుబు. మిరప చేను మెయిన్ రోడ్డుకు రెండు కిలోమీటర్లు, నీళ్లు దగ్గరే. మాట్లాడి పెట్టేశాక ఆ పిల్ల గడియారం చూసి, కుంకుమ అంటిన చేతులు కడుక్కుని అవ్వకు చుక్కలు వేసింది.

డిసెంబరు 30, మంగళవారం

ముక్కోటి ఏకాదశి. తెల్లవారుజామున ఊరి గుడిలో ఉత్తర ద్వారం తెరిచారు. మామూలు ఏళ్లలో తోపులాట ఉంటుందట. ఈసారి వరసలో మా ముందు పన్నెండు మంది. పూజారి తీరిగ్గా ఒక్కొక్కరికి గోత్రనామాలు అడిగాడు, మావాడు హైదరాబాదు ఇంటి నంబరు కూడా చెప్పాడు.

మధ్యాహ్నం బస్సు. అమ్మ సంచులు కట్టింది: కందికాయలు, జొన్నపిండి, శెనక్కాయలు, చింతకాయ తొక్కు, నువ్వులు, అత్త ఇచ్చిన దుప్పటి. మోయలేనంటే వినదు. అవ్వ నల్లద్దాలు తీసి నా మొహం దగ్గరగా చూసింది. "ఇప్పుడు బాగా కనపడతాండావు. లావైనావు" అంది.

బయల్దేరే ముందు మావాడు నోటుపుస్తకం ఏడో తరగతి పిల్లకు అప్పగించాడు. ప్రతి రోజూ కోడి లేచిన టైము, కూర్చున్న టైము, గుడ్ల లెక్క. నాలుగు రోజులూ పదకొండు. ఒక పిల్లి వచ్చినట్టు, తరిమినట్టు కూడా రాశాడు. గుడ్లు ఎప్పుడు పగులుతాయని అడిగితే అవ్వ ఇరవై ఒక్క రోజులంది. ఇద్దరూ కలిసి గోడ క్యాలెండరు దగ్గర నిలబడి వేళ్లతో లెక్కపెట్టారు. జనవరి 16, కనుమ.

ఆటోలో కూర్చున్నాక చిన్నమ్మ ఫోన్. నా ఫోన్ మావాడు లాక్కున్నాడు.

"పదకొండూ ఉన్నాయి అవ్వా. పిల్లలు కనుమ రోజు వస్తాయంట. నువ్వు వస్తావా?"

అవతల ఏదో చెప్పింది. వాడు విని, నాకు ఫోన్ ఇచ్చి, మళ్లీ ఆటో దిగి ఇంట్లోకి పరిగెత్తాడు. ఎందుకని అడిగితే, కోడిపిల్లలు పుట్టాక మొదటి రెండు రోజులు నూకలు ఎక్కడ పెట్టాలో అక్కకు చెప్పమందట. నూకల డబ్బా వాళ్లింట్లో ఉంది. అమ్మ మేకు మీంచి చెవి తీసుకుని, చెప్పులేసుకుని, అటు నడిచింది.